మా తాత పేరు బహువచనం

పర్వతాలు.
ఒక్క మనిషికి అంత పేరు.
శ్రీశైలం మొక్కు తీరినంక పుట్టిండని
వాళ్లమ్మ పెట్టింది.
రేషన్ కార్డు రాసే పిల్లగాడు
"పర్వతమా, పర్వతాలా?" అని అడిగితే
"ఎన్ని ఎక్కిన్నో లెక్కేసి రాసుకో" అన్నడంట.

కల్వకుర్తి దిక్కు చెల్కలు నోళ్లు తెరిచి
బాయిల అడుగు బురద గూడ పెంకులైన ఏడు
అచ్చంపేట దాటి, హాజీపూర్ దాటి
మన్ననూరు ఘాటు నడిచి ఎక్కిండు.
చేతిల గడ్డపార, తాడుకు ఒక మేక,
రుమాలు కొసకు ముడేసిన సేరు జొన్నలు.
వెనక ఈదమ్మ, మా అవ్వ.
ఆమె నెత్తి మీది గంపల మా నాయిన.
"చీకట్ల నువ్వేడుస్తవని మాకు పాణం పోయింది,
నువ్వేమో మేకను చూసి నవ్వుకుంట వచ్చినవ్" అని
నాయినకు మీసాలు నెరిసినంక గూడ చెప్పేది.

తొలి ఇల్లు ఇల్లు కాదు.
నాలుగు కొయ్యలు, బోదగడ్డి, ఒక పక్కకు బండ.
వాన ఆ బండ మీది నుంచి లోపలికే జారేది.
"ఇంట్లనే వాగుండె మాకు" అని
గొప్ప చెప్పుకునేటోడు.

ఎడమ భుజం మీద ఎలుగు బరికిన మూడు గీతలు.
లెక్కలు వస్తలేవని నన్ను పంతులు కొట్టిన్నాడు
అంగీ విప్పి, వాటి మీద నా వేలు పెట్టి చెప్పిచ్చిండు
ఒకటి, రెండు, మూడు.
నాలుగోదేది తాతా అంటే
"దాని పంజాలనే ఉండిపోయింది, పోయి అడుగు."

పులిని పులి అనకపోయేది.
పెద్దాయన.
"ఊర్ల దొర కన్న నయం, వెట్టికి పిలువడు."

పందులు ముట్టవని ఆముదాలు వేసిండు.
జొన్నకు మాత్రం మంచె, ఒడిసెల, పాత నూనె డబ్బా.
రాత్రంత డబ్బా కొట్టుకుంట ఏదో మాట్లాడేటోడు
పందులతోనో,
కింద కల్వకుర్తిల రానని మొండికేసిన అన్నతోనో.

మా ఇంట్ల అందరు అంటరు,
తాత రాకముందు ఆడ ఏమీ లేకుండె అని.
పెండ్లిళ్లల్ల అంటరు, గెట్టు పంచాయితీలల్ల అంటరు.
పాత కాగితంల గూడ అట్లనే ఉంది: బంజరు.
తాత నోట ఆ మాట నేను వినలే.

చెల్క తూర్పు మూలకు బండ, బండల ఒక గుంత.
ముంత పట్టేంత లోతు, గాజు లెక్క నున్నగ.
వాన చేసింది కాదు.
గడ్డపారకు అంత నునుపు రాదు.
ఎవరో ఇప్పపూలు దంచి, గడ్డలు దంచి,
వాళ్ల బిడ్డలు దంచి, ఆ బిడ్డల బిడ్డలు దంచి
అరిగిన రాయి.
ఏటా కళ్లం లేచినంక మొదటి మానెడు జొన్నలు
దాంట్ల పోసి, వెనక్కి చూడకుండ వచ్చేటోడు.
పిట్టలకా తాతా?
"బాకీ."

చిగుర్ల గురువయ్య, చెంచాయన,
ఎండకాలం తేనె పట్టుకొని వచ్చేటోడు.
ఇద్దరు వాకిట్ల కూచునేటోళ్లు, మాట లేకుండ.
ఒకనాడు సుట్ట నేలకు రాసి ఆర్పుకుంట అన్నడు,
"నువ్వొచ్చిన పొద్దు
మూడు రాళ్ల నడుమ బూడిద ఇంక వెచ్చగనే ఉండె గద, పర్వతాలూ."
తాత శానాసేపు ఆ సుట్ట దిక్కే చూసిండు.
"ఉండె."
గంతే.
తేనె గిన్నె అవ్వ లోపలికి తీస్కపోయింది.

ఉప్పుకు తప్ప కిందికి దిగని మనిషి
ఆఖరుసారి ఆటోల దిగిండు, నా ఒళ్లె తల పెట్టుకొని.
ఘాటు మలుపు మలుపుకు కండ్లు తెరిచి
"ఏడిదాంక వచ్చినం" అని అడిగిండు.
నాకు మలుపుల పేర్లు తెల్వవు.
ఏదో ఒకటి చెప్పిన.

ఇప్పుడు చెల్క కౌలుకిచ్చినం. పత్తి.
మొన్న పోయిన్నాడు అచ్చంపేట దుకాణంల
కిలో జొన్నలు కొనుక్కపోయిన, కవర్ల.
ఏ ఊరి చెల్కల పండినయో.
గుంత సగం గూడ నిండలే.

వెనక్కి చూడొద్దని తెలుసు.
చూసిన.